రెండొందల పన్నెండు గారూ, దయచేయండి

చిరంజీవి అల్లుడు గారికి,

మీ మామగారు విమానాశ్రయం టవర్ మెట్లు దిగొచ్చి, దీవించి రాస్తున్నది. ఇక్కడ మేము నేల మీద క్షేమం. మీరు గాల్లో క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. పెళ్ళయ్యాక మనం రెండు మూడుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. "మీరు చెప్పండి" అంటే "లేదు లేదు, మీరే చెప్పండి" అనుకుని, ఎవరూ ఏమీ చెప్పకుండానే పెట్టేశాం. ఉత్తరమైతే ఎవరో ఒకరు చెప్పక తప్పదు.

సంగతికి వస్తాను. సోమవారం పొద్దున మీ 212 విమానాన్ని దిగనివ్వకుండా ఊరి చుట్టూ తిప్పింది నేనే. "అక్కడే తిరుగు, చెప్పేదాకా దిగకు" అన్నాను. రేడియోలో మాటలన్నీ కొలిచి పెట్టినవే, అందరికీ అవే. రాష్ట్రపతి వచ్చినా ఆగు అంటే ఆగు. కానీ ఇంటికొచ్చి ఆ ముక్క మీ అత్తయ్య దగ్గర నోరు జారాను. అంతే! "పెళ్ళై మూడు నెలలు కాలేదు, అల్లుణ్ణి పట్టుకుని తిరుగు, దిగకు అని గదమాయించారా? ఇంటికొస్తే కుర్చీ వేస్తారు, ఊరికొస్తే గుమ్మం బయట నిలబెడతారా?" అని అప్పట్నుంచి నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడకపోయినా తిట్టడం మాత్రం మానలేదు.

మీ వైపు నుంచి "సరే" అన్న గొంతు కూడా ముభావంగా వినిపించింది. మైకులో మాట్లాడింది మీరో, మీ పక్కసీటు పైలటో నాకు తెలీదు. ఆ గరగరలో ఎవరి గొంతైనా ఒకటే. మీరే అయితే మాత్రం అలిగినట్టే ఉంది.

నిజం చెప్తున్నాను. పెళ్ళిలో మీరు "నాది పొద్దుటి 212 మామయ్య గారూ" అన్నప్పటి నుంచి ఆ విమానం వచ్చే వేళకి నేను కుర్చీలో కూర్చోను. లేచి అద్దం దగ్గర నిలబడతాను. చెయ్యి కూడా ఊపుతాను. మా పక్కసీటు ఆవిడ నన్ను వింతగా చూస్తుంది, చూడనీ. అలాంటివాణ్ణి మిమ్మల్ని చిన్నబుచ్చుతానా? మనసులో పెట్టుకోకండి.

ఆశీస్సులతో,
మీ మామగారు

తా.క.: మీ అత్తయ్య ఉత్తరం చదివి "క్షమించమని ఎక్కడా లేదే" అంది. టవర్ వాళ్ళు క్షమాపణ చెప్పడం నిబంధనల్లో లేదు. అయినా నిబంధనలకు దూరంగా, ఈ అంచున రాస్తున్నాను: క్షమించండి.

*

పూజ్యులైన మామయ్య గారికి,

మీ అల్లుడు చేతులు జోడించి, ఆ తర్వాత ఒక చెయ్యి తీసి రాస్తున్నది.

మీ ఉత్తరం నేనూ మీ అమ్మాయీ కలిసి చదివాం. ఏం రాయాలో తోచక ఆమె కాఫీ పెట్టింది, నేను తాగాను. ఆ తర్వాత కూడా ఏమీ తోచలేదు.

అలకా? అయ్యో, అంత మాటెందుకు! సోమవారం గురించి నాకు ఒక్క ముక్క కూడా గుర్తు లేదు మామయ్య గారూ. 212లో ఉన్నవాళ్ళు ఎవరూ ఏమీ అనుకుని ఉండరు. గాల్లో తిరగడానికే కదా మాకు జీతాలిస్తున్నారు. ఇంకో మాట కూడా చెప్పాలని ఉంది గానీ, పెద్దవారు మీరు అంత అభిమానంగా అద్దం దగ్గర నిలబడతానని రాశాక నోరు రావడం లేదు. నిలబడండి. ఆ విమానం వాళ్ళు అదృష్టవంతులు.

ఊరికే ఒక సందేహం. ఆ రోజు 212 వెనకాల వచ్చిన విమానం ముందు దిగిందని మా పైలట్ల గదిలో చెప్పుకోగా విన్నాను. ఎందుకో? చెప్పకపోయినా ఫరవాలేదు.

నమస్కారాలతో,
మీ అల్లుడు

తా.క.: "అసలు సంగతి రాయండి, అసలు సంగతి రాయండి" అని మీ అమ్మాయి మోచేత్తో పొడుస్తోంది. అసలు సంగతి ఏమిటంటే, మేమిద్దరం క్షేమం.

*

చిరంజీవి అల్లుడు గారికి,

మీ కోపం చల్లారాలని కోరుతూ, దీవించి రాస్తున్నది.

"ఒక్క ముక్క కూడా గుర్తు లేదు" అని రాశారు. ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్నవాణ్ణి, ఆ మాటకి అర్థం నాకు తెలీదా? మీ అత్తయ్య కూడా కోపం ముదిరితే అదే అంటుంది. పైగా "ఊరికే ఒక సందేహం" అంటూ గుచ్చారు కూడా. బాగా గుచ్చారు. వెనక విమానంలో ఒకాయనకి గుండెనొప్పి వచ్చింది, అందుకని ముందు దింపాను. అంతే తప్ప అల్లుడి వరుసలో పరాయివాణ్ణి కూర్చోబెట్టే మనిషిని కాను.

సరే, చెప్పుకుంటే తీరేది కాదు, చేసి చూపిస్తే తీరుతుందనుకున్నాను. గురువారం మీరు వినే ఉంటారు. "212 గారూ, నమస్కారం. రన్‌వే తమ కోసం సిద్ధంగా ఉంది. నిదానంగా దయచేయండి" అన్నాను. అవతల కాసేపు సడి లేదు. విమానం ఉందా పోయిందా అని కంగారు పడ్డాను. తర్వాత మెల్లగా, "దయచేస్తున్నామండీ. చాలా సంతోషం" అని వినిపించింది. అల్లుడు గారూ, నా కళ్ళు చెమర్చాయి.

వెనకే వస్తున్న సరుకుల విమానం వాడు "మరి మాకు గారు లేదా?" అని అడిగాడు. పిల్లనిచ్చి ఉంటే నీకూ ఉండేదిరా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఇకమీదట నా మైకులో మీకు ఏ లోటూ రానివ్వను. మీ అత్తయ్య మళ్ళీ మాట్లాడుతోంది. కొత్త కొత్త మర్యాదలు కూడా నేర్పుతోంది.

ఆశీస్సులతో,
మీ మామగారు

తా.క.: మా పక్కసీటు ఆవిడ "మీకు ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. బాగుందన్నాను. అయినా మంచినీళ్ళ గ్లాసు నా పక్కన పెట్టి వెళ్ళింది.

*

పూజ్యులైన మామయ్య గారికి,

మీ అల్లుడు సిగ్గుపడుతూ రాస్తున్నది.

ఒక్కటే మనవి. అంత మర్యాద... అంటే, మర్యాద వద్దని కాదు... కొంచెం తగ్గినా ఏమీ అనుకునేవాళ్ళు లేరు. మీరు చెప్పింది చెప్పినట్టు మేము తిరిగి చెప్పాలి కదా. అలా తిరిగి చెప్తేనే గదా, విన్నది సరిగ్గా విన్నామో లేదో టవర్‌కి తెలిసేది. ఇప్పుడు "నిదానంగా దయచేయండి" అంటే "నిదానంగా దయచేస్తున్నాం" అని మాకు మేమే మర్యాద చేసుకోవాల్సి వస్తోంది. మా పైలట్ల గదిలో అందరిదీ ఇదే మాట. నిన్న ఒకతను టీ కప్పు అందిస్తూ "కప్పు గారు దయచేస్తున్నారు" అన్నాడు.

నేరుగా "మానేయండి" అని రాయొచ్చు. మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం నేర్పలేదు మామయ్య గారూ. మా నాన్న మా వీధి పేరు తప్పు చెప్పినా, ఆయన చెప్పిన వీధికే వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంటికొచ్చేవాళ్ళం. కాబట్టి మీరే అర్థం చేసుకుంటారని ఆశ.

నమస్కారాలతో,
మీ అల్లుడు

తా.క.: 212 వాళ్ళు ఇప్పుడు మీ ఊరు దగ్గరపడగానే టై సరిచేసుకుంటున్నారట.

*

అల్లుడు గారికి,

ఈసారి దీవించే మొహం లేదు. నేరుగా రాస్తున్నాను.

నిన్న పొద్దున జరిగింది మీకు కొత్తగా చెప్పేదేముంది, మీరు అందులోనే ఉన్నారు. కానీ నా వైపు నుంచి ఎలా జరిగిందో మీకు తెలియాలి. 212 వచ్చిన జనాన్ని దింపి, తిరిగి బయల్దేరడానికి రన్‌వే అంచున గీత దగ్గర నిలబడి ఉంది. పైనుంచి 440 దిగుతోంది. ఇంకెవరైనా అయితే "ఆగు" అనేవాణ్ణి, పీడా పోయేది. మీరాయె! "212 గారూ, నమస్కారం, తమరు రన్‌వే మీదకు దయచేయవచ్చు, కాకపోతే పైనుంచి వస్తున్నవారు దిగి పక్కకు తప్పుకున్నాక దయచేస్తే అందరికీ సౌకర్యంగా ఉంటుందని నా మనవి" అన్నాను. ఆ మైకు పుట్టాక అంత పొడుగు మాట ఎవరూ మాట్లాడి ఉండరు. నేను సగంలో ఉండగా ఇంకెవరో వాళ్ళ మైకు నొక్కారు. ఇద్దరు ఒకేసారి నొక్కితే కీచుమంటుంది, మాట పోతుంది. మీకు "దయచేయవచ్చు" దాకానే అందింది. మిగతాదంతా కీచులో కొట్టుకుపోయింది.

మీరు "దయచేస్తున్నామండీ" అని తిరిగి చెప్పారు. ఎప్పుడూ ఆ మాట దగ్గరే చెవులు రిక్కించేవాణ్ణి. నిన్న మాత్రం అబ్బ, ఎంత వినయం అని మురిసిపోతూ కూర్చున్నాను. తల ఎత్తేసరికి మీరు రన్‌వే మధ్యలో ఉన్నారు. 440 చక్రాలు చాచి కిందికి వచ్చేస్తోంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది మాట కాదు, పొలికేక. "440, దిగకు! పైకి పో! పైకి పో!" ఆ పైన ఉన్నవాడెవడో పుణ్యాత్ముడు, ఎందుకు ఏమిటి అనకుండా ముక్కెత్తి పైకి పోయాడు. మీ నెత్తి మీదుగా పోయాడు. పక్కసీటు ఆవిడ నా భుజం పట్టుకోకపోతే కుర్చీలోంచి పడేవాణ్ణి.

ఎవరికీ ఈగ వాలినంత దెబ్బ కూడా తగల్లేదు. కానీ మైకు నా ముందు నుంచి తీసేశారు. "అతివినయం ధూర్త లక్షణం అంటారు. మీది ధూర్తత్వం కూడా కాదయ్యా, ఒట్టి పిచ్చి" అన్నాడు మా టవర్ పెద్ద. శుక్రవారం విచారణ. నాకు ఆ మైకు తప్ప ఇంకో పని రాదు, ఇంకో పని మీద ఇష్టమూ లేదు. అయినా వదిలేస్తాను. నా కూతురి బతుకుని నా నోటితోనే కూల్చబోయాను. ఆ నోరు మళ్ళీ మైకు ముందు తెరవను. తప్పంతా నాది, నన్ను శాశ్వతంగా తప్పించండి అని చెప్పేస్తాను.

మీ మామగారు

తా.క.: మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది. అల్లుడి దగ్గర పూర్తిగా చెప్పకూడదు. మీ అమ్మగారిని అడక్కండి, ఆవిడా చెప్పరు.

*

మామయ్య గారికి,

నమస్కారాలు. శుక్రవారం నోరు విప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

విచారణ అధికారికి నేను విడిగా రాశాను. "తప్పు టవర్‌ది కాదు, నాది. నేను మొదటి రోజే నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా జరిగేదే కాదు" అని రాసి, నా లైసెన్సు నంబరు వేసి సంతకం చేశాను. ఇది అబద్ధం కాదు మామయ్య గారూ, అక్షరాలా నిజం. ఎందుకు నిజమో మీకు చెప్పాలి. ఇప్పటికి నాలుగు కాగితాలు చింపాను. "పూజ్యులైన" దాకా కలం బాగానే నడుస్తోంది, అక్కణ్ణుంచి కదలడం లేదు.

మీరు మాత్రం మైకు వదలకండి. కోపంతో అనడం లేదు, భక్తితో కూడా అనడం లేదు. నిజంగా అంటున్నాను.

మీ అల్లుడు

తా.క.: మీ అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. అత్తయ్య గారి దగ్గర నేర్చుకున్నట్టుంది, తిట్టడం మాత్రం మానలేదు.

*

అల్లుడు గారికి,

మీ మంచి మనసుకి పొంగిపోతూ రాస్తున్నది.

విచారణ అధికారి పొట్టి మనిషి, పెద్ద కళ్ళద్దాలు. మన రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాడు. "నా సర్వీసులో 'తప్పు నాది కాదు' అనేవాళ్ళనే చూశాను. ఇక్కడేమిటి, తప్పు నాదంటే నాదని కొట్టుకుంటున్నారు? అయినా ఇతనెందుకు రాశాడో నాకు బొత్తిగా అర్థం కావడం లేదు" అన్నాడు. మీ కాగితం ఎత్తి వెలుతురులో పెట్టి కూడా చూశాడు. "మా అల్లుడండీ" అన్నాను. "అల్లుడైతే?" అన్నాడు. పాపం, ఆయనకి పెళ్ళీడు పిల్లలు లేరనుకుంటాను. ఇలాంటి త్యాగాలు అర్థం కావు.

నన్ను కాపాడటానికి మీ లైసెన్సు పణంగా పెట్టారు. నేను ఒప్పుకోను. మీకు ముందు ఎంతో ఉద్యోగం ఉంది, నాది ఎలాగూ చివరికొచ్చింది. స్వచ్ఛందంగా తప్పుకుంటున్నానని కాగితం రాసి పెట్టుకున్నాను, సంతకం ఒక్కటే మిగిలింది. సోమవారం 212 కెప్టెన్‌ని పిలిపిస్తున్నారట. అంటే మిమ్మల్నే. మీరు గది లోపలికి రాగానే, మీరు పెదవి కదపకముందే, ఆ సంతకం పెట్టేసి బల్ల మీద పడేస్తాను. ఇది ఖాయం. మీరు అడ్డు చెప్పినా వినను.

మీ మామగారు

తా.క.: సోమవారం మీ అత్తయ్య వంట మొదలెడుతుంది. ఎవరి ఉద్యోగం ఉన్నా, ఎవరిది పోయినా భోజనం మాత్రం ఉంటుంది. చొక్కా ఇస్త్రీ చేయించుకోండి.

*

మామయ్య గారికి,

నమస్కారాలు తర్వాత. ముందు ఈ కవరు మీ చేతిలో పెట్టిన పెద్దమనిషికి కుర్చీ వేయండి. తెల్లజుట్టు, చంకలో టోపీ, ఇస్త్రీ చొక్కా. ఆయనే 212 కెప్టెన్.

నేను కాదు. ఒక్క రోజు కూడా నేను కాదు.

పెళ్ళిలో నేను చెప్పింది నిజమే, అప్పుడు నాది 212. సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్ళేసరికి మార్చేశారు. మీరు ఊరి చుట్టూ తిప్పానని క్షమాపణ రాసిన సోమవారం నేను మా ఇంటి డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. మీ ఉత్తరం రాగానే "మీరు పొరపడ్డారు మామయ్య గారూ" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కానీ మీరు రోజూ అద్దం దగ్గర నిలబడి చెయ్యి ఊపుతానన్నారు. అంత పెద్దాయన ఇన్నాళ్ళూ ముక్కూ మొహం తెలీని మనిషికి చెయ్యి ఊపాడని ఏ నోటితో చెప్పను? ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ మింగలేక కక్కలేక ఊరుకున్నాను. మీరు మర్యాద పెంచుకుంటూ పోయారు, నేను మొహమాటం పెంచుకుంటూ పోయాను. తప్పు నాదని ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమైందా?

మరి నేనెక్కడున్నానని అడుగుతారు. నాకిచ్చింది 440.

ఆ పుణ్యాత్ముణ్ణి నేనే మామయ్య గారూ. ఎదురెండ సూటిగా కళ్ళలో కొడుతోంది. రన్‌వే మీద ఎవరూ లేరనుకునే దిగుతున్నాను. అప్పుడు మీ కేక వినబడింది. పైకి పో, పైకి పో. ఎవరు, ఎందుకు అని ఆలోచించలేదు. ఆ గొంతులో అనుమానం లేదు, నాకూ కలగలేదు. చెయ్యి దానంతటదే ఇంజను జోరు పెంచే పిడిని ముందుకు తోసింది. పైకి లేచాక, రెక్క పక్కన కింద తెల్లగా 212 కనిపించింది. నా వెనకాల సీట్లన్నీ నిండుగా జనం. దిగాక చూస్తే, ఒకామె ఒళ్ళో పాప ఇంకా నిద్రపోతూనే ఉంది.

నన్నెవరో పరాయివాడనుకున్నారు కాబట్టి అరిచారు. అల్లుణ్ణని తెలిసుంటే "440 గారూ, తమకు వీలైతే" అనేవారు. ఆ "వీలైతే" దగ్గరే మా పని అయిపోయేది. మీ కూతురి బతుకుని మీ నోటితో కూల్చబోయానని రాశారు. దాన్ని నిలబెట్టింది కూడా ఆ నోరే. ఆ రోజు ఇంటికెళ్ళి మీ అమ్మాయికి చెప్పాను. గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుంది. "మా నాన్న అంత గట్టిగా అరవగలరా?" అంది.

ఇదంతా విచారణ అధికారికి రాసిచ్చాను. "అదీ సంగతి!" అని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారట. మర్యాద చేసినందుకు మిమ్మల్ని కొన్నాళ్ళు కొత్తవాళ్ళతో పాటు తరగతిలో కూర్చోబెడతారట. ఆ కేక వేసినందుకు మళ్ళీ మైకు ఇస్తారట. మీ అంతట మీరు వదిలేస్తానని పట్టుబట్టకపోతేనే. కాబట్టి ఇప్పుడు అంతా మీ చేతిలో ఉంది. నేను మీ ఊరి మీదకు వచ్చేటప్పుడు కింద ఆ గొంతు ఉండాలి. నన్ను ఆగు అనండి, పో అనండి, తిట్టండి. నాకు అక్కడ మామగారు వద్దు, టవర్ కావాలి. మామగారు ఇంట్లో చాలు.

మీ అల్లుడు

తా.క.: ఆ కెప్టెన్ గారికి ఎదురుగా ఒక్కసారి "గారూ" అనండి, మైకులో కాదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ టవరూ ఆయన్ని "దయచేయండి" అనలేదట. మీ ఊరి డ్యూటీ కావాలని అడిగి మరీ వేయించుకుంటున్నారు. మీరు రోజూ అద్దంలోంచి చెయ్యి ఊపుతుంటే, ఆయన కూడా తిరిగి ఊపేవారట.

ఇంకో తా.క., మీ అమ్మాయి కలం లాక్కుని రాస్తున్నది: నాన్నా, నేను. ఆ కాగితం మీద సంతకం పెట్టకు, చింపెయ్. మేం కూడా భోజనానికి బయల్దేరాం. అమ్మతో చెప్పు, ఆ పెద్దాయన్ని కూడా ఉండమను.